నలభై ఒక్క నిమిషాలు

గోడకి ఉండవలసిన తీగ లేదు.

నిన్న సాయంత్రం దాకా ఉంది. హాల్లో కిటికీ పక్కన గోడలోంచి బయటికొచ్చి, బల్ల కాలిని ఒక చుట్టు చుట్టుకుని, కోడలి కంప్యూటర్ దాకా వెళ్ళే నీలంరంగు తీగ. అది లేకపోతే ఆ కంప్యూటర్‌కి బయటి లోకంతో మాటల్లేవు. ఎవరు తీశారో ఇంట్లో అందరికీ తెలుసు. అడిగే ధైర్యమే ఎవరికీ లేదు.

తీసినావిడ వంటింట్లో గిన్నెలు తోముతోంది. తోముతోంది అనడం కన్నా వాటితో తగవు పడుతోంది అనడం సబబు.

“మీ అమ్మగారిని మీరే అడగండి,” అంది కోడలు, గొంతు తగ్గించి.

మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. బడిలో ఆయన లెక్కలు చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కూడా నోరు మూసుకుంటారు. తల్లి ముందు మాత్రం ఆయన గొంతు పీలగా వస్తుంది.

“అమ్మా, హాల్లో తీగొకటి ఉండాలి.”

“ఉంటే ఉంటుంది. లేకపోతే లేదు.”

“మధ్యాహ్నం రెండింటికి దాంతో పనుందమ్మా.”

గిన్నెల చప్పుడు ఆగింది.

“ఏం పని? నాలుగు నెలల కిందట చేసిన పనేనా?”

మాస్టారు ఆఖరి గుండీ కోసం వెతుక్కున్నాడు. అదే జవాబని ఆవిడకి తెలుసు.

“ఆ పని ఈ ఇంట్లో మళ్ళీ చెయ్యడానికి వీల్లేదు. కొండెక్కించడానికి నా దగ్గర ఇంకో కొడుకు లేడు. నిన్ను పంపిస్తుందా ఇప్పుడు నీ పెళ్ళాం? నీకు సైకిలు తొక్కడమే సరిగ్గా రాదు.”

“ఇవాళ ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అత్తయ్యా,” అంది కోడలు, హాల్లోంచే.

“ఆ రోజూ ఎవరూ వెళ్ళక్కర్లేదనే కూర్చున్నావు. వాడు టీ తాగుతున్నాడు. సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టి లేచాడు. ఆ గ్లాసు నేనే కడిగాను.”

మాస్టారు గడియారం చూసుకున్నాడు. ఆయన చేతనైంది అదొక్కటే.

ఆ గ్లాసు సంగతి నిజమే. కోడలూ, ఆమె మరిదీ ఒకే ఆఫీసుకి పనిచేస్తారు. ఏటి ఎగువన కొండల్లో చిన్న చిన్న గదులున్నాయి, మొత్తం నలభై రెండు. ఒక్కో గదిలో ఒక్కో యంత్రం. నీటిమట్టం కొలుస్తూ ఉంటుంది, నీరు పెరిగితే దిగువ ఊళ్ళలో సైరన్ మోగిస్తుంది. ఆ నలభై రెండింటినీ కోడలు ఇంట్లో బల్ల దగ్గర కూర్చునే చూసుకుంటుంది. ఏదైనా ఆగిపోయి, పిలిచినా పలక్కపోతే మాత్రం ఎవరో ఒకరు వెళ్ళి బటన్ నొక్కాలి. ఇటువైపు గదులకి ఆ ఎవరో ఒకరు ఆమె మరిది, ఇంట్లో అందరూ చిన్నోడనే పిలిచే చిన్నవాడు.

వేరేచోట మనిషిని పంపాలంటే కాగితం రాయాలి. అది రెండు బల్లలు దాటాలి. ఈలోపు గంటో గంటన్నరో గడుస్తుంది. ఈ ఇంట్లో తల తిప్పితే చాలు, సోఫాలో మనిషి ఉన్నాడు. ‘చిన్నా, గుట్ట మీది యంత్రం లేవడం లేదు. ఒకసారి వెళ్ళొస్తావా?’ ఆ రోజు కోడలన్న మాట అంతే. అతను గ్లాసు పక్కన పెట్టి బండి తాళం తీసుకున్నాడు. గుట్ట దారిలో పై మలుపు దగ్గర బండితో సహా లోయలో పడ్డాడు. గంటన్నర తర్వాత కట్టెల లారీవాళ్ళు చూశారు. కుడికాలు మోకాలి కిందనుంచి తీసేయాల్సొచ్చింది.

లోపలి గదిలోంచి చంకకర్రల చప్పుడు దగ్గరికొచ్చింది.

“అమ్మా, తీగ ఇవ్వు,” అన్నాడు చిన్నవాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. “ఇవాళ నాకు మొదటి రోజు.”

“ఏం మొదటి రోజురా?”

“ఆఫీసువాళ్ళు కూర్చుని చేసే పనిచ్చారని చెప్పానుగా. కొండల దగ్గర ఉన్న మనుషులతో ఫోన్లో మాట్లాడేది నేనే. ఎవరు వెళ్ళాలో, ఎవరు ఆగాలో చెప్పేది నేనే. తీగ లేకపోతే మొదటి రోజే ఇంటికి పంపించేస్తారు.”

“ఇంట్లోనేగా ఉన్నావు.”

“అందుకే, ఇంకెక్కడికి పంపిస్తారు?”

నవ్వించాలని అన్నాడు. ఆవిడ నవ్వలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని కొడుకు ఇస్త్రీ చొక్కా వంక చాలాసేపు చూసింది.

“నా దిండు కింద ఉంది.”

అతను తిరగబోయాడు.

“నువ్వు వంగకు. నేనే తెస్తాను,” అని గబగబా లోపలికి వెళ్ళింది. వెళ్తూ కోడలికి వినబడేలా అంది, “పనికోసం వెళ్ళాడు నా కొడుకు. ఊళ్ళు మునిగిపోతాయని వెళ్ళాడు. ఆ మాట చెప్పుకునే బతుకుతున్నాన్నేను.”

కోడలు తల దించుకుంది. రోజుకి ఒకసారైనా వింటుంది ఆ మాట. ఆ మాట నిజం కాదు. అది నిజం కాదని ఈ ఇంట్లో తెలిసింది ఆమె ఒక్కదానికే.

*

మాస్టారు బడికి వెళ్ళాక, అత్తగారు మేడ మీద బట్టలారేస్తున్న సమయం చూసుకుని కోడలు ఆఫీసుకి ఫోన్ చేసింది.

“సార్, ఆ పది నిమిషాలన్నది గంట చెయ్యాలి.”

“ఏ పది నిమిషాలమ్మా?” అన్నాడు పెద్దసారు. ఆయనకి నలభై రెండు యంత్రాలూ, నూటపాతిక కాగితాలూ.

“కొత్త కెర్నల్ పెట్టాక యంత్రం పది నిమిషాల్లో లేవకపోతే మనిషిని పంపాలని ఉంది కదా, అది.”

కెర్నల్ అంటే యంత్రానికి గుండె లాంటిదని ఆమె ఒకప్పుడు మరిదికి చెప్పింది. ‘గుండె మార్చేటప్పుడు పక్కన డాక్టరుండాలి కదా వదినా, నువ్వు ఇంట్లో కూర్చుని ఎలా మారుస్తావు?’ అన్నాడు అతను. ఆ ప్రశ్నకి జవాబుగానే ఆమె ఆరునెలలు కూర్చుని ఒక పద్ధతి తయారుచేసింది. పాత కెర్నల్‌ని తీసెయ్యదు, పక్కనే ఉంచుతుంది. యంత్రానికి చెబుతుంది: కొత్తదాన్ని ఒక్కసారి వాడి చూడు. నిలబడితే సరే. నిలబడలేకపోతే నిన్ను నువ్వే ఆపుకుని పాతదాంతో మళ్ళీ లే. ఎవరూ రానక్కర్లేదు, ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు.

తన బల్ల మీది యంత్రంతో ఇరవైసార్లు చేసి చూసింది. ప్రతిసారీ నాలుగు నిమిషాల్లో లేచింది. జాగ్రత్త కోసం పది అని రాసింది. పదికి లేవకపోతే ఇక లేవదని, మనిషిని పంపాలని.

“పది అని మీరే రాశారు కదమ్మా,” అన్నాడు పెద్దసారు.

“రాశాను. కొన్ని పాత యంత్రాలు ఆలస్యంగా లేస్తాయి సార్.”

“ఏది లేచింది ఆలస్యంగా? తారీకు, సమయం వేసి ఒక కాగితం పంపండి. సంతకం పెట్టేస్తాను. ముందది మీ మరిది చూడాలిలెండి, ఇవాళ్టి నుంచి ఆ బల్ల అతనిదేగా.”

తారీకు ఆమెకి తెలుసు. సమయమూ తెలుసు. ఆ రోజు పదకొండింటికి గుట్ట మీది యంత్రానికి కొత్త కెర్నల్ పెట్టింది. పదకొండూ పదికి మరిది బయల్దేరాడు. పదకొండూ నలభై ఒకటికి ఆ యంత్రం ఎవరూ ముట్టుకోకుండానే లేచి కూర్చుంది. దాని డిస్కు పాతది, పెద్దది. ఉన్నట్టుండి ఆగి లేచినప్పుడల్లా మొదటినుంచి చివరిదాకా తనని తాను సరిచూసుకుంటుంది. అది అయ్యేదాకా ఎవరు పిలిచినా పలకదు. బల్ల మీది చిన్న యంత్రంతో చేసి చూసిన మనిషికి అది తోచలేదు.

అది లేచేసరికి మరిది దారిలో ఉన్నాడు. ఆసుపత్రిలో అత్తగారు ‘ఆ యంత్రం ఏమైందే’ అని అడిగితే కోడలు నోటికొచ్చింది చెప్పేసింది: సాయంత్రం దాకా లేవలేదు, చివరికి ఆఫీసువాళ్ళే ఎలాగో బాగుచేశారు అని. అబద్ధమాడటం ఆమెకి అలవాటు లేదు. అందుకే ఒక్కసారి ఆడాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

“రాస్తారా మరి?” అన్నాడు పెద్దసారు.

మేడ మెట్ల మీద అత్తగారి అడుగుల చప్పుడు వినబడింది.

“వద్దులెండి సార్. పదే ఉండనివ్వండి.”

ఫోన్ పెట్టేసింది. తనంటే తనకే అసహ్యం వేసింది.

*

రెండింటికి పని మొదలైంది. అత్తగారు అన్నం తిని లోపల నడుం వాల్చింది. తలుపు ఓరగా వేసి ఉంది.

చిన్నవాడికి ఆ కుర్చీ అచ్చొచ్చినట్టే ఉంది. కొండల దగ్గర కాచుకున్న ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పలకరిస్తున్నాడు. ఒకాయన్ని, “ఏంటండీ, నిద్రపోతున్నారా, గొంతు బొంగురు పోయింది?” అంటాడు. ఇంకొకాయన్ని, “మీ గది తాళం ఈసారైనా తెచ్చుకున్నారా?” అంటాడు. అవతలివాళ్ళు నవ్వుతున్నారు. అతనూ నవ్వుతున్నాడు. నాలుగు నెలల తర్వాత ఈ హాల్లో నవ్వు వినబడటం అదే మొదలు.

కోడలు ఒక్కొక్క యంత్రానికీ కొత్త కెర్నల్ పెడుతోంది. తెర మీద పేరు పక్కన చుక్క ఎర్రబడుతుంది. మూడు నాలుగు నిమిషాలకి పచ్చబడుతుంది. ఒకటి కొత్తదాంతో నిలబడలేక పాతదాంతో లేచింది. అయినా ఆరు నిమిషాల్లో లేచింది.

“భలే వదినా. దానంతటదే,” అన్నాడు చిన్నవాడు. “ఇంక మా పని అయిపోయినట్టే. కాళ్ళున్నవాళ్ళక్కూడా పని పోతుంది.”

ఆమె తర్వాతి యంత్రం పేరు నొక్కింది.

నాలుగున్నరకల్లా నలభై ఒకటి అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. ఆమె కంప్యూటర్ మూత మీద చెయ్యి వేసింది.

“గుట్ట మీదిది ఉంది,” అన్నాడు.

“ఇంకోరోజు చూద్దాం.”

“ఎందుకు? నాకోసమా?”

“వాన పడుతోందట కదా అక్కడ.”

“తుంపర. పొద్దుటినుంచీ నీటిమట్టం అంగుళం కదల్లేదు, తెర మీద నాకూ కనబడుతోంది.” అతని మొహంలో నవ్వు పోయింది. “దాన్ని చూసి నేను బెంగపడతాననుకుంటున్నావు. అది నా యంత్రం వదినా. ఆ గది తలుపు వాన తగిలితే ఉబ్బుతుంది, భుజంతో తొయ్యాలి. ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. దాన్ని వదిలేస్తే నన్ను చూసి జాలిపడ్డట్టే. చెయ్యి.”

చేసింది. చుక్క ఎర్రబడింది.

గుట్ట కింద కాచుకున్న మనిషి మీసాలాయన. చిన్నవాడి చోట కొత్తగా వచ్చాడు. నడివయసువాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆయన గొంతు ఫోన్లోంచి హాలంతా వినబడుతోంది.

“బండి స్టార్ట్ చేసి పెట్టానండి. ఇప్పుడు బయల్దేరితే వెలుగుండగా దిగొచ్చేస్తాను.”

“ఇంకా ఐదు నిమిషాలే అయింది. ఉండండి,” అన్నాడు చిన్నవాడు.

ఆరు. ఏడు. కోడలు తెర వంక చూడటం మానేసి తన చేతుల వంక చూసుకుంటోంది. లేవచ్చు, ఈసారి త్వరగానే లేవచ్చు అని లోలోపల అనుకుంటోంది. లేవదని కూడా ఆమెకి తెలుసు.

ఎనిమిది. తొమ్మిది.

“పది అయింది,” అన్నాడు చిన్నవాడు. “పంపిస్తున్నాను.”

“ఆగు.”

“ఎందుకు ఆగాలి? నువ్వు రాసిన నియమమే.”

“కాసేపు చూద్దాం.”

“ఎంతసేపు? అక్కడ చీకటి పడితే ఆయన ఎలా దిగుతాడు?” ఫోన్ వైపు వంగాడు. “ఏవండీ...”

“చిన్నా, పంపకు.”

“ఒక్క నిమిషం ఆగండి,” అని ఫోన్లో చెప్పి, అరచెయ్యి దానిమీద పెట్టి ఆమె వైపు తిరిగాడు. “నా కాలు పోయిందని ఇంక ఎవర్నీ పంపవా? సైరన్ మోగకపోయినా ఫర్వాలేదా? అలాగైతే ఆ రోజు నన్నెందుకు పంపావు? నేను వెళ్ళింది అవసరమైతే ఈయన వెళ్ళడమూ అవసరమే. ఈయన వెళ్ళక్కర్లేదంటే నేనూ వెళ్ళక్కర్లేదు.”

అతను కోపంగా కూడా అనలేదు. లెక్క తేల్చినట్టు అన్నాడు. అన్నదమ్ములిద్దరికీ ఆ గుణం ఉంది.

ఆమె ఇంక దాచలేకపోయింది. ఇంకో మనిషి అదే దారిలో, ఈ వానలో వెళ్ళబోతున్నాడు.

“అది లేస్తుంది,” అంది. “నలభై ఒక్క నిమిషాలు పడుతుంది.”

“నలభై ఒకటా?”

“అటూ ఇటూగా.”

“అరగంట అను, గంట అను. నలభై ఒకటి అని ఎలా తెలుసు నీకు?”

అతను ఆమె మొహంలోకే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూనే అతనికి అర్థమవడం మొదలైంది. ఆ మొహం మారడం ఆమెకి కనబడింది. చూడలేక కళ్ళు మూసుకుంది.

“ఆ రోజు అంతే పట్టింది,” అంది.

ఫోన్లో మీసాలాయన దగ్గాడు. చిన్నవాడు చెయ్యి తీసి, “మీరు ఎక్కడున్నారో అక్కడే ఉండండి. బండి ఆపెయ్యండి. నేను చెప్పేదాకా కదలొద్దు,” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

“సాయంత్రం దాకా లేవలేదన్నావు.”

“అబద్ధం చెప్పాను.”

“పదకొండూ నలభై ఒకటి. అప్పటికి నేను వంతెన దాటాను.” వేళ్ళతో లెక్కపెట్టాడు. “పై మలుపుకి ఇంకో అరగంట. అంటే నేను పడేసరికి అది చక్కగా పనిచేస్తూ ఉంది.”

“ఊఁ.”

“లోయలో పడుకుని ఏమనుకున్నానో తెలుసా? అయ్యో, ఇంకా బటన్ నొక్కలేదే అనుకున్నాను.”

ఆమె ఏడుస్తోంది. చప్పుడు లేకుండా ఏడుస్తోంది, లోపల అత్తగారు పడుకుంది కాబట్టి.

“నాలుగు నెలలు వదినా. రోజూ కట్టు మార్చావు. రోజూ అన్నం పెట్టావు. ఒక్కరోజు చెప్పలేదు.”

“చెబితే నువ్వేమైపోతావో అని.”

“ఏమైపోతాను? కాలు పోయింది. ఎందుకు పోయిందో అదొక్కటే నా దగ్గర మిగిలింది. రాత్రి లేని కాలు నొప్పెడితే, పోనీలే ఊళ్ళ కోసం పోయింది అనుకుని పడుకునేవాణ్ణి. ఇంక ఏమనుకుని పడుకోవాలి?”

ఆమె అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

“లేవగానే నీకు ఫోన్ చేశాను,” అంది. “వెనక్కొచ్చెయ్యమని చెబుదామని. చేస్తూనే ఉన్నాను. పదకొండుసార్లు.”

“తెలుసు.”

“వంతెన దాటితే సిగ్నల్ ఉండదు కదా. అన్నీ...”

“పైన మలుపు దగ్గర ఒక్కచోట వస్తుంది.” అతను కిటికీ వైపు చూస్తూ అన్నాడు. “అక్కడ మోగింది.”

పదోసారి చేసినప్పుడు అవతల రెండుసార్లు మోగి ఆగిపోయిన సంగతి ఆమె మర్చిపోలేదు. బండి మీద ఉండి కట్ చేశాడని తనకి తాను చెప్పుకుంది. నాలుగు నెలలుగా అదే చెప్పుకుంటోంది.

“నీ పేరే కనబడింది. చేరావా అని అడగడానికేమో అనుకున్నా. తీద్దామని ఒక చెయ్యి వదిలాను.”

“చక్రం కింద రాయి పడిందన్నావుగా.”

“నువ్వు సాయంత్రం దాకా లేవలేదన్నావు. నేను రాయి అన్నాను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. బయట ఎవరో స్కూటరుకి హారన్ కొట్టుకుంటూ వెళ్ళారు. తెర మీద చుక్క ఎర్రగానే ఉంది.

“అమ్మకి చెప్పకు,” అన్నాడు చివరికి. “రెండూ చెప్పకు. తనకి ఆ మాటొక్కటే ఆసరా. నాది ఎలాగూ పోయింది.”

ఓరగా ఉన్న తలుపు తెరుచుకుంది.

*

అత్తగారు నిద్రమొహంతో లోపలి గదిలోంచి ఆరిన బట్టల మోపు తెచ్చి సోఫాలో పడేసి, పక్కనే కూర్చుంది.

“ఏంటిద్దరూ అలా ఉన్నారు? మళ్ళీ ఆగిపోయిందా?”

“గుట్ట మీదిది ఆగిందమ్మా. లేస్తుంది.”

“ఎవర్ని పంపుతున్నారు?”

“ఎవర్నీ పంపడం లేదు. చూస్తున్నాం.”

ఆవిడ నమ్మినట్టు లేదు. తువ్వాలు మడత పెట్టింది, మాస్టారి చొక్కాలు మడత పెట్టింది. చిన్నవాడి ప్యాంటు తీసింది. కుడికాలు దగ్గర గుడ్డ మడిచి ఆవిడే కుట్టింది, కుట్లు దగ్గరదగ్గరగా పడ్డాయి. దాన్ని ఒళ్ళో పరిచి, అరచేత్తో నిమిరి, జాగ్రత్తగా మడిచి అన్నిటికన్నా పైన పెట్టింది.

“మేడ మీదావిడ అడిగింది, మీ అబ్బాయికి ఎలా జరిగిందండీ అని,” అంది. “చెప్పాను. తాగి పడలేదమ్మా, తిరుగుళ్ళకి పోయి పడలేదు, ఏటి కింద ఊళ్ళకి కబురందదేమోనని పరిగెత్తాడు అని. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.”

చిన్నవాడు బల్ల మీది పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

ఇరవై నిమిషాలు. పాతిక. మీసాలాయన ఒకసారి ఫోన్ చేశాడు. “ఉండండి,” అన్నాడు చిన్నవాడు. ఎన్నో నిమిషమని ఎవరూ పైకి అనడం లేదు. అత్తగారు మడత పెట్టిన బట్టల్నే మళ్ళీ సర్దుతోంది. కోడలికి ఒక సంగతి తోచింది. యంత్రం లేవకపోతే బాగుండునని తన మనసులో ఒక మూల అనిపిస్తోంది. లేవకపోతే ఆ రోజు లేవడం ఏదో పొరపాటన్నట్టు అవుతుంది.

నలభై ఒకటి దాటింది. లేవలేదు. చిన్నవాడు ఆమె వంక చూశాడు. నలభై రెండు. ఫోన్ మీద చెయ్యి వేశాడు.

నలభై మూడో నిమిషంలో చుక్క పచ్చబడింది. గుట్ట మీది గదిలో, ఎవరూ లేనిచోట, యంత్రం పాత కెర్నల్‌తో మేలుకుని నీటిమట్టం చెప్పింది.

“లేచింది. ఇంటికెళ్ళిపోండి,” అన్నాడు చిన్నవాడు ఫోన్లో.

“లేచిందా? ఎవరూ ముట్టుకోకుండానేనా?” మీసాలాయన గొంతులో సంతోషం దాగలేదు. “అమ్మయ్య. మా చిన్నదానికి ఒంట్లో బాలేదండి, త్వరగా వెళ్దామనుకుంటున్నా. బతికించారు.”

“జాగ్రత్తగా వెళ్ళండి. దారిలో ఫోన్ మోగినా తియ్యకండి,” అని పెట్టేశాడు.

అత్తగారు లేచొచ్చి కోడలి కుర్చీ వెనక నిలబడింది. తెర మీద ఏముందో ఆవిడకి తెలీదు. పచ్చచుక్క మాత్రం చూసింది.

“ఎవరూ వెళ్ళకుండానే లేచిందా ఇది?”

“అవునమ్మా.”

“మరి ఆ రోజెందుకు లేవలేదు?”

చిన్నవాడు క్షణం కూడా ఆలోచించలేదు.

“ఆ రోజుకి వదిన ఇది తయారుచెయ్యలేదమ్మా. నాకలా జరిగాకే చేసింది. నాలుగు నెలలు కూర్చుని చేసింది.”

అత్తగారి చెయ్యి వచ్చి కోడలి తల మీద ఆగింది. గిన్నెలు తోమి తోమి గరుకెక్కిన చెయ్యి.

“నోటికొచ్చినట్టల్లా అన్నాను నిన్ను,” అంది. “మనసులో పెట్టుకోకు. కడుపుకోత అలాంటిది. అతనెవరో ఇవాళ పిల్లల దగ్గరికి వెళ్తున్నాడు. అంటే నా కొడుకు కాలు ఊరికే పోలేదన్నమాట. వాడు పడబట్టే కదా నువ్విది చేశావు. అంతే కదూ?”

ఎదురుగా చిన్నవాడు తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, వద్దు అని.

తిట్లు ఎన్నైనా పడగలిగింది కోడలు. ఈ చెయ్యి మాత్రం మొయ్యలేకపోయింది.

“అంతే కదా?” అంది మళ్ళీ అత్తగారు.

“కాదత్తయ్యా,” అంది కోడలు. “ఆ రోజు కూడా ఇది ఇలాగే లేచింది.”

అత్తగారి చెయ్యి ఇంకా ఆమె తల మీదే ఉంది.